ఒక్క శాతం దగ్గర ఆగిన లెక్క: వెల్స్ ఫార్గో కేసును ఒక బ్రాంచి ఇన్‌స్పెక్టర్ చదివిన తీరు

కొత్తగా బ్రాంచి మేనేజర్లయిన వాళ్లకు పాఠం చెప్పడానికి నన్ను అప్పుడప్పుడు శిక్షణ కేంద్రాలకు పిలుస్తుంటారు. అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో కేసు చెప్పే రోజున ముందుగా బోర్డు మీద ఒక అంకె రాస్తాను: 26 లక్షల డాలర్లు. ఖాతాదారుల అనుమతి లేకుండా ఉద్యోగులు తెరిచిన నకిలీ ఖాతాల వ్యవహారం 2016 సెప్టెంబరులో బయటపడే నాటికి, అడగని ఖాతాలకు రుసుములు కట్టిన వాళ్లకు ఆ బ్యాంకు వెనక్కి ఇచ్చిన సొమ్ము అది. "అంతేనా సార్?" అని ఎవరో ఒకరు అనకమానరు. వాళ్ల ఆశ్చర్యంలో తప్పు లేదు. మన దగ్గర ఓ పెద్ద రైస్ మిల్లు ఖాతా మొండి బాకీగా మారితే మునిగే డబ్బు దాదాపు అంత ఉంటుంది. అమెరికాలోని నాలుగు అతిపెద్ద బ్యాంకుల్లో ఒకదానికి అది లెక్కలోకి వచ్చే మొత్తమే కాదు.

ఆ బ్యాంకు పెద్దలూ సరిగ్గా అలాగే అనుకున్నారు. ఖాతాదారుల జేబులోంచి పోయింది కొంచెమే కాబట్టి తప్పూ కొంచెమే అనుకున్నారు. ఆ తరవాత అదే తప్పుకు కట్టిన మొత్తాల్లో ఒక్కటే 300 కోట్ల డాలర్లు.

నేను ప్రభుత్వరంగ బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో చివరి పన్నెండేళ్లు ఇన్‌స్పెక్షన్ విభాగంలోనే గడిచాయి. అందుకే ఈ కేసును నీతికథలా చదవడం నా వల్ల కాదు. ఎవరు ఏ తేదీన ఏమి చూశారు, చూసినదాన్ని ఎలా రాశారు, రాసిన కాగితం ఎవరి బల్ల మీద ఆగిపోయింది అన్న వరసలోనే చదువుతాను. అలా చదివితే ఈ కథలో దొంగలకంటే తనిఖీదార్లే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడతారు.

ఎనిమిదే ఎందుకు

వెల్స్ ఫార్గో 1852లో పుట్టింది. కాలిఫోర్నియా బంగారం రోజుల్లో గుర్రపు బండ్ల మీద సరుకు, సొమ్ము చేరవేసిన సంస్థ. ఆ బండి బొమ్మే చాలాకాలం దాని గుర్తు. ఇప్పటి బ్యాంకు మాత్రం 1998లో నార్వెస్ట్ అనే బ్యాంకుతో జరిగిన విలీనంతో తయారైంది. పేరు వెల్స్ ఫార్గోదే మిగిలినా, అమ్మకాల పద్ధతి నార్వెస్ట్‌ది వచ్చింది. బ్రాంచిని బ్రాంచి అనకుండా స్టోర్ అనేవారు. ఆ ఒక్క మాట విన్నాక, లోపల కూర్చున్నవాళ్లు ఏమి చేయాలో విడిగా చెప్పనక్కర్లేదు.

ఒక కుటుంబానికి పొదుపు ఖాతా ఉంటే దాని మీద కరెంటు ఖాతా, డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు, ఆన్‌లైన్ బ్యాంకింగ్, ఇంటి రుణం అంటగడుతూ పోవడాన్ని క్రాస్ సెల్లింగ్ అంటారు. దానిలో స్వతహాగా తప్పేమీ లేదు. నేనూ చేశాను, ప్రతి బ్యాంకూ చేస్తుంది. వెల్స్ ఫార్గో పెట్టుకున్న లక్ష్యం కుటుంబానికి ఎనిమిది. ఎనిమిదే ఎందుకంటే, 'ఎయిట్'కు 'గ్రేట్'తో ప్రాస కుదిరింది కాబట్టి అని అప్పటి సీఈఓ జాన్ స్టంఫ్ 2010 వార్షిక నివేదికలో సరదాగా రాశారు. నా ఉద్యోగ జీవితంలో టార్గెట్ల సర్క్యులర్లు వందల కొద్దీ చదివాను. వాటిలో అంకెలకు ఆధారం ఏమిటో చెప్పినవి తక్కువ. ప్రాస కోసమని ఒప్పుకున్నది మాత్రం ఇదొక్కటే.

సగటు ఆరు దాటింది. ఎనిమిదికి చేరకపోయినా, ఆ ఆరును మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లకు గర్వంగా చూపించేవారు. ఇక్కడే అసలు ముడి పడింది. కౌంటరు దగ్గర ఖాతా తెరిచే గుమాస్తాకు అది టార్గెట్. ప్రధాన కార్యాలయానికి అది షేరు ధరను మోసే అంకె. కింద అబద్ధం కలుస్తోందని తెలిసినా, తగ్గించి చూపితే పైన ధర తగ్గుతుంది. ఆ అంకెలతో ఇన్వెస్టర్లను తప్పుదారి పట్టించారన్న అభియోగం మీదే, 2020లో కట్టిన 300 కోట్లలో 50 కోట్ల డాలర్లు షేర్ మార్కెట్లను నియంత్రించే అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌కు వెళ్లాయి.

కౌంటరు దగ్గర జరిగింది

లాస్ ఏంజిలెస్ నగరం 2015 మేలో వేసిన దావా ప్రకారం, బ్రాంచిలో అమ్మకాల లెక్క రోజుకు నాలుగుసార్లు అడిగేవారు: పదకొండింటికి, ఒంటిగంటకు, మూడింటికి, ఐదింటికి. ఏడాది మొదట్లో 'జంప్ ఇన్‌టు జనవరి' అనే క్యాంపెయిన్. దానికోసం డిసెంబరులో వచ్చిన ఖాతాదారుల దరఖాస్తులను కొందరు సొరుగులో దాచి జనవరిలో తెరిచేవారు. కొత్త ఖాతా పనిచేస్తున్నట్టు కనిపించాలి కాబట్టి, పాత ఖాతాలోంచి కొంత డబ్బు అందులోకి తోసి మళ్లీ వెనక్కి తీసేవారు. ఖాతాదారుడికి కబురు చేరకుండా బ్యాంకు పేరుతోనే లేని ఈమెయిలు చిరునామా కల్పించి పెట్టేవారు. ఇల్లూ వాకిలీ లేని ఒక మహిళ చేత ఆరు ఖాతాలు తెరిపించారని, వాటి రుసుములు నెలకు 39 డాలర్లని లాస్ ఏంజిలెస్ టైమ్స్ పత్రిక 2013 డిసెంబరులో రాసింది. ఈ వ్యవహారాన్ని మొదట గట్టిగా బయటపెట్టింది ఆ పత్రికే.

డబ్బు తోసి వెనక్కి తీయడం గురించి చెప్పగానే తరగతిలో నవ్వులు వినిపిస్తాయి. ఏడాది చివరి లెక్క పెంచి చూపడానికి మార్చి 31 సాయంత్రం వచ్చి ఏప్రిల్ 1 ఉదయానికి వెళ్లిపోయే డిపాజిట్ల సంగతి తెలియని మేనేజరు మన దేశంలో లేడు. ఇంకో పోలిక కూడా చెబుతాను. వెల్స్ ఫార్గో వార్త వచ్చిన అదే 2016 సెప్టెంబరులో మన పత్రికల్లో జన్‌ధన్ ఖాతాల వార్త వచ్చింది. సున్నా నిల్వ ఖాతాల సంఖ్య తగ్గించి చూపడానికి వాటిలో బ్యాంకు సిబ్బందే ఒక్కొక్క రూపాయి జమ చేశారని. రూపాయి వేసిన ఉద్యోగి ఎవరినీ దోచుకోలేదు, తన జేబులోంచే వేసి ఉంటాడు. అయినా సున్నాకు, సున్నా కాని దానికి తేడా తెలియాల్సిన వాళ్లకు తెలియకుండా పోయింది. వెల్స్ ఫార్గోలో జరిగిందీ ఆ జాతిదే, ఖాతాదారు మీద భారం పడటం ఒక్కటే అదనం.

2011 నుంచి 2015 మధ్యకాలం దాకా అనుమతి లేకుండా తెరిచి ఉండొచ్చని మొదట తేలినవి దాదాపు 15 లక్షల డిపాజిట్ ఖాతాలు, 5.65 లక్షల క్రెడిట్ కార్డు దరఖాస్తులు. వెనక్కి 2009 దాకా తవ్వితే, 2017 ఆగస్టులో ఆ సంఖ్య 35 లక్షలకు పెరిగింది.

తొంభై తొమ్మిది మంది మంచివాళ్లు

బ్యాంకు ఏమీ చేయలేదా అంటే, చేసింది. ఐదేళ్లలో 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. మామూలు ఖాతాదారుల పని చూసే రిటైల్ విభాగంలో ఏటా సుమారు ఒక శాతం. ఈ ఒక శాతాన్ని యాజమాన్యం చదువుకున్న తీరే నా దృష్టిలో ఈ కేసుకు గుండెకాయ. ఒక శాతం మంది దొరికారంటే తొంభై తొమ్మిది శాతం మంది సవ్యంగా పనిచేస్తున్నట్టే కదా అనుకున్నారు. తొలగింపులను రోగలక్షణంగా కాక, మందు పనిచేస్తున్నదానికి సాక్ష్యంగా లెక్కవేశారు.

బ్యాంకు తనంతట తాను వెతికిన తీరు ఎలా ఉందో చూడాలి. అనుమానాస్పద లావాదేవీల జాబితా తయారయ్యేది. ఆ జాబితాలో అందరినీ విచారించేవారు కాదు. అత్యంత ఘోరంగా కనిపించిన 0.01 శాతం మందిని, తరవాతి దశలో 0.05 శాతం మందిని మాత్రమే పిలిచి అడిగేవారు. పదివేల మందిలో ఒక్కడిని పట్టుకుని, మిగిలినవాళ్లు ఎందుకు దొరకలేదో ఎవరూ అడగలేదు. వల కన్నాలు పెద్దవి చేసి, చెరువులో చేపలు తక్కువని నివేదిక ఇచ్చినట్టు.

తెలియక జరిగిందా అంటే అదీ కాదు. బ్యాంకు డైరెక్టర్ల బోర్డు తన తరఫున న్యాయసంస్థ చేత విచారణ చేయించి 2017 ఏప్రిల్‌లో నివేదిక విడుదల చేసింది. నేను తరగతిలో ఎక్కువసేపు ఆగేది ఆ నివేదికలోని ఒక పాత కాగితం దగ్గర. 2004లో, అంటే గొడవ బయటపడటానికి పన్నెండేళ్ల ముందు, బ్యాంకు అంతర్గత విచారణ విభాగంలోనే ఒకరు లెక్కతీశారు. అమ్మకాల లెక్కలను తారుమారు చేసిన కేసులు 2000లో 63 అయితే 2004లో 680కి చేరేలా ఉన్నాయని. మోసం చేయకుండా టార్గెట్లు చేరలేమని ఉద్యోగులు అనుకుంటున్నారని కూడా అందులో ఉంది. టార్గెట్లు తగ్గించడమో ఎత్తేయడమో ఆలోచించమని సలహా కూడా ఉంది. ఆ కాగితం ప్రధాన ఆడిటరు దాకా వెళ్లింది. టార్గెట్లు మాత్రం 2016 అక్టోబరు 1న ఆగాయి.

అంతర్గత ఆడిట్ ఈ పన్నెండేళ్లూ నిద్రపోలేదు. రిటైల్ విభాగాన్ని తనిఖీ చేసింది, నియంత్రణలు చాలావరకు బాగానే ఉన్నాయని రాసింది. అబద్ధం రాసిందని నేననను. ఖాతా తెరిచే ఫారం ఉందా, సంతకాల గడి ఉందా, ఫిర్యాదు వస్తే విచారించే విధానం ఉందా అని చూసి ఉంటారు. అన్నీ ఉన్నాయి. ఇన్ని ఫిర్యాదులు ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు చెక్‌లిస్టులో వరస లేదు. వివిధ వ్యాపార విభాగాల అధిపతులను "మీ సొంత దుకాణంలా నడుపుకోండి" అని వదిలేసే సంప్రదాయం ఆ బ్యాంకులో ఉండేది. కేంద్ర కార్యాలయంలోని రిస్క్ విభాగం గట్టిగా అడిగే అధికారాన్ని ఆ సంప్రదాయానికే వదులుకుంది. ఒక దశలో, ప్రాంతీయ అధికారుల్లో సగం మందే లక్ష్యాలు అందుకోగలరని పైవాళ్లకు ముందే తెలుసు. దాన్ని వాళ్లలో వాళ్లు 'యాభై-యాభై ప్లాన్' అనేవారు. సగం మంది ఓడిపోతారని తెలిసి పెట్టిన పరీక్షలో కాపీ కొట్టినవాడిని మాత్రమే శిక్షించారు.

230, 5,300

బోర్డుకు ఏమి చెప్పారు? 2015 మేలో రిస్క్ కమిటీకి ఇచ్చిన సమాచారంలో, తొలగించినవాళ్లు 230 మంది. అసలు సంఖ్య 5,300 అని డైరెక్టర్లకు తెలిసింది 2016 సెప్టెంబరు 8న, నియంత్రణ సంస్థలతో 18.5 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించినప్పుడు. అంటే ఊళ్లోవాళ్లతోపాటే ఇంటి యజమానికీ తెలిసింది. ఆ 18.5 కోట్లలో 10 కోట్లు వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు, 5 కోట్లు లాస్ ఏంజిలెస్‌కు, 3.5 కోట్లు జాతీయ బ్యాంకులను పర్యవేక్షించే ఓసీసీకి.

ఆ తరవాత కథ వేగంగా నడిచింది కాబట్టి నేనూ వేగంగానే చెబుతాను. సెప్టెంబరు 20న సెనేట్ కమిటీ ముందు స్టంఫ్‌ను సెనేటర్ ఎలిజబెత్ వారెన్ కడిగేశారు. అక్టోబరు 12న ఆయన తప్పుకున్నారు. ఆయనకు రావాల్సిన 4.1 కోట్ల డాలర్ల షేర్లు, రిటైల్ విభాగాన్ని నడిపిన క్యారీ టోల్‌స్టెడ్‌కు రావాల్సిన 1.9 కోట్ల షేర్లు రద్దయ్యాయి. బోర్డు నివేదిక తరవాత ఆయన నుంచి మరో 2.8 కోట్లు, ఆమె నుంచి 4.7 కోట్ల విలువైన షేర్ల హక్కులు లాగేసుకున్నారు. 2018 ఫిబ్రవరిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు ఆ బ్యాంకు ఆస్తులు 1.95 లక్షల కోట్ల డాలర్లు దాటకూడదని గీత గీసింది. జరిమానా ఒకసారి కట్టేస్తే పోతుంది. ఈ గీత 2025 జూన్ 3 దాకా, ఏడేళ్లకు పైగా ఉంది. పోటీ బ్యాంకులు పెరుగుతుంటే చూస్తూ కూర్చోవడం బ్యాంకరుకు ఎంత నరకమో మరో బ్యాంకరుకే తెలుస్తుంది. హైదరాబాదులో ఆ బ్యాంకుకు పెద్ద కార్యాలయం ఉంది, మన పిల్లలు వేల ఇళ్ల నుంచి అక్కడికి వెళ్తున్నారు. గీత చెరిపేసిన వార్త ఆ ఇళ్లలోనూ పండగే అయింది.

ఇన్ని జరిగినా క్రిమినల్ కోర్టులో నేరం ఒప్పుకున్న పెద్ద తలకాయ ఒక్కటే. 2023లో టోల్‌స్టెడ్. నేరం ఏమిటో గమనించండి. లక్షల నకిలీ ఖాతాలు కాదు, బ్యాంకు తనిఖీకి అడ్డుపడటం. 2015 మేలో తయారైన ఒక మెమోలో, ఎంతమందిని తీసేశారో, ఎంత కొద్దిమందినే విచారిస్తున్నారో రాయకుండా దాచడం. జైలుకు బదులు మూడేళ్ల ప్రొబేషన్ (నిఘాలో ఉండటం), అందులో ఆరు నెలలు గృహనిర్బంధం, లక్ష డాలర్ల జరిమానా పడ్డాయి. అంతకుముందే, 2020 జనవరిలో, ఓసీసీ అభియోగాలు మోపిన ఐదుగురు మాజీ అధికారుల్లో ఇద్దరు ఆడిట్ విభాగానికి చెందినవాళ్లు. ఆ వార్త చదివిన రోజు నా పాత రిపోర్టులు కొన్ని గుర్తొచ్చి సరిగా నిద్రపట్టలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

దానధర్మాల లెక్క

సామాజిక బాధ్యత విషయంలో ఈ బ్యాంకు వెనకబడిందేమీ కాదు. స్వచ్ఛంద సంస్థలకు ఏటా కోట్లాది డాలర్లు ఇచ్చేది. విలువల మీద ప్రత్యేకంగా పుస్తకమే అచ్చువేసి ఉద్యోగులకు పంచింది. ఉద్యోగులు తప్పుల గురించి ఫిర్యాదు చేయడానికి ఎథిక్స్ లైన్ అనే ఫోను లైను కూడా పెట్టింది. కింద పనిచేసే బ్యాంకర్ల మోసాల గురించి పైవాళ్లకు, ఆ లైనుకు చెప్పిన ఒక మేనేజరును 2010లో తీసేశారు. అతన్ని తిరిగి తీసుకుని 54 లక్షల డాలర్లు ఇవ్వమని అమెరికా కార్మిక శాఖ 2017లో ఆదేశించింది. ఏడేళ్లు పట్టింది.

పేద ప్రాంతాలకు, బలహీన వర్గాలకు బ్యాంకు ఎంత సేవ చేస్తోందో కొలిచే చట్టం అమెరికాలో ఒకటుంది, కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ చట్టం. 1977 నాటిది. మన ప్రాధాన్య రంగ రుణాల నిబంధనకు దూరపు చుట్టం అనుకోవచ్చు. దానికింద వెల్స్ ఫార్గోకు అత్యుత్తమ గ్రేడు ఉండేది. 2017 మార్చిలో ఓసీసీ దాన్ని రెండు మెట్లు దింపి 'మెరుగుపడాలి' అని ఇచ్చింది. రుణాల పంపిణీలో మార్కులు బాగానే వచ్చాయి, కానీ చట్టవిరుద్ధమైన, వివక్షతో కూడిన పద్ధతులు ఆ మార్కులను మింగేశాయి. ఈ ఒక్క నిర్ణయం నాకు చాలా నచ్చింది. మన దగ్గర సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) పేజీ, ఫిర్యాదుల పేజీ వార్షిక నివేదికలో చెరో చోట ఉంటాయి. ఒకదాని మార్కులు ఇంకోదానిలోంచి తీసివేసే పద్ధతి లేదు. పాఠశాలకు బెంచీలు ఇచ్చిన ఫొటో కింద, అదే ఊరి రైతుకు అడగని పాలసీ అంటగట్టిన సంగతి ఎవరూ అచ్చువేయరు.

నా రిపోర్టు

ఊరి పేరు, బ్యాంకు పేరు చెప్పను. గోదావరి జిల్లాల్లో ఒక బ్రాంచి, పదేళ్ల కిందటి మాట. బంగారం మీద రుణాలు ఎక్కువ. ఫైళ్లు తిరగేస్తుంటే బీమా దరఖాస్తులు కొన్ని రుణం ఇచ్చిన తేదీనే కనిపించాయి. పంతొమ్మిదింటిలో ఒకే మొబైల్ నంబరు ఉంది. ఖాతాదారులది కాదు, ఆ డెస్కు చూసే అధికారిది. పాలసీ కన్ఫర్మేషన్ కోసం బీమా కంపెనీ నుంచి వచ్చే ఫోను ఎవరు ఎత్తేవారో వేరే చెప్పాలా? ఇద్దరు ముగ్గురు రైతులను పిలిపించి అడిగాను. "అది లోను ఖర్చనుకున్నానండీ" అన్నాడు ఒకాయన. పాలసీ అనే మాటే ఆయనకు తెలియదు.

అధికారిని కూర్చోబెట్టి అడిగాను. ముప్పై దాటని కుర్రాడు. కాదనలేదు. ఫోను తీసి, "సార్, రోజూ సాయంత్రం రీజినల్ ఆఫీసు గ్రూపులో వచ్చే మెసేజ్‌లు ఒకసారి చూడండి. జీరో ఉన్న బ్రాంచిల పేర్లు ఎర్ర అక్షరాల్లో పెడతారు" అన్నాడు.

"అవి నా పరిధిలోకి రావు" అన్నాను. ఆ మాట నేను అన్నది నిజం. చూడలేదు.

రిపోర్టు పక్కాగా రాశాను. దరఖాస్తుల నంబర్లు, తేదీలు, మొబైల్ నంబరు, రైతుల వాంగ్మూలాలు. కుర్రాడికి చార్జిషీటు వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. రైతులకు ప్రీమియం వెనక్కి ఇప్పించాం. నా పై అధికారి ఆ రిపోర్టును మంచి నమూనాగా విభాగంలో అందరికీ పంపారు. అది రాస్తున్నంతసేపూ మేనేజరు బల్ల మీద ఒక షీల్డు ఉంది. అంతకు రెండు నెలల ముందు బీమా క్యాంపెయిన్‌లో రీజియన్ మొత్తంలో మొదటి స్థానం వచ్చినందుకు ఇచ్చారట. నా రిపోర్టులో ఆ షీల్డు ప్రస్తావన లేదు. అదే రీజియన్‌లో రెండో స్థానం, మూడో స్థానం వచ్చిన బ్రాంచిలకు వెళ్లి చూడాలని కూడా నాకు తోచలేదు. ఒకడిని పట్టుకున్నాను, మిగిలినవాళ్లు మంచివాళ్లని లెక్కవేశాను.

ఇప్పుడు కన్‌కరెంట్ ఆడిటరుగా, అంటే లావాదేవీలు జరుగుతుండగానే తనిఖీ చేసేవాడిగా, ఏ బ్రాంచికి వెళ్లినా, మొదటిరోజే ఆ ఏడాది టార్గెట్ల లెటరు, క్యాంపెయిన్ జరిగిన తేదీల జాబితా అడుగుతాను. ఆ తేదీల్లో తెరిచిన ఖాతాలను, అమ్మిన పాలసీలను మూడు నెలలు గడిచాక తీసి చూస్తాను. ఖాతాదారు ఒక్కసారైనా వాడారా, మొదటి జమ ఎక్కడి నుంచి వచ్చింది, తిరిగి ఎక్కడికి వెళ్లింది. తరవాత ఓ పదిమందికి నేనే ఫోను చేస్తాను. రీజియన్‌లో మొదటి స్థానం వచ్చిన బ్రాంచి అయితే పదిమంది కాదు, ముప్పై మంది.

లెటరు ఇవ్వడానికి ఎవరూ తొందరపడరు. ఫైలు దొరకడం లేదంటారు, మూడోరోజుకు దొరుకుతుంది. కిందటి నెల ఒక మేనేజరు, "ఇవన్నీ మీ ఫార్మాట్‌లో లేవు కదా సార్" అన్నాడు. లేవు. ఫార్మాట్ చివర 'ఇతర అంశాలు' అని రెండు వరసల గడి ఒకటుంటుంది. అది చాలక అదనపు కాగితం జోడిస్తున్నాను.